స్టేషన్‌లో దిగని చుట్టాలు

ఢిల్లీలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకి ఒక గొప్ప సదుపాయం ఉంది. అది న్యూఢిల్లీ రైల్వేస్టేషను. సెలవు కావాలంటే మిగతావాళ్ళు జ్వరాలూ పంటినొప్పులూ వెతుక్కోవాలి. మనకా అవస్థ లేదు. "ఊరినుంచి మావాళ్ళు వస్తున్నారు, స్టేషన్‌కి వెళ్ళాలి" అంటే చాలు. ఆటోలో రమ్మనొచ్చుగా అని ఎవరైనా గొణిగితే, "వాళ్ళకి హిందీ రాదండీ" అని ఒక్కమాట వేస్తే ఇక తిరుగులేదు. చాలాసార్లు అది నిజం కూడాను. తాజ్‌మహల్ చూడ్డానికి వచ్చినవాళ్ళనీ, హరిద్వార్ వెళ్ళేవాళ్ళనీ, పెద్దాసుపత్రిలో చూపించుకునేవాళ్ళనీ ఎంతమందినో మా ఇందిరాపురం ఫ్లాటుకి నేనే మోసుకొచ్చాను.

అందుకని ఆ చలికాలంలో ఇంటర్వ్యూకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు నేను పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. తెనాలినుంచి మా అత్తగారిని రప్పించేశాను. పాపం, ఆవిడ తెనాలిలోనే హాయిగా ఉంది.

రెండువేల ఏడో ఎనిమిదో అయివుంటుంది. నాకు నలభై దగ్గరపడుతోంది. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్యాంకుల కోసం ప్రోగ్రాములు రాసేదాన్ని. దీపావళి ముందు పైవాళ్ళు పిలిచి, ఏప్రిల్ నుంచి నన్ను ప్రాజెక్ట్ మేనేజర్ని చేస్తున్నామని చెప్పారు. అందరూ చెయ్యి కలిపి అభినందించారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మేనేజర్ అయితే ఇక ప్రోగ్రాము రాయడం ఉండదు. ఎవరు ఎప్పుడు సెలవు పెట్టారు, ఎవరి పని ఎంతవరకు వచ్చింది, ఆ లెక్కలన్నీ ఎక్సెల్‌లో నింపుతూ మీటింగుకీ మీటింగుకీ మధ్య అన్నం తినడమే. ఆ బతుకు ఎలా ఉంటుందో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అద్దాల గదిలో మా మేనేజర్‌ని రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆయన పంజాబీ. పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుంది అంతా ఢిల్లీలోనే. యాభై దాటాయి. మంచి భోజనప్రియుడు. గట్టిగా మాట్లాడతాడు, అంతకన్నా గట్టిగా నవ్వుతాడు. ఆయన కుర్రతనంలో రాసిన ప్రోగ్రాము ఒకటి మా సిస్టంలో అడుగున ఇంకా నడుస్తూ ఉండేది. కొత్తలో నేను దాన్ని తెరిచి చదివి, ఇంత శుభ్రంగా ఎవరు రాశారా అని ఫైలు మొదట్లో చూస్తే ఆయన పేరుంది. మేం ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన పని రాలేదు. నేను చేరినప్పటినుంచీ ఆయన ఒక్క లైను రాయగా మాత్రం చూడలేదు.

ఇంట్లో మావారికి చెప్పాను. ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సెక్షన్ ఆఫీసరు.

"ప్రమోషన్ వద్దన్నావంటే మా ఆఫీసులో అయితే నిన్ను అద్దాల బీరువాలో పెట్టి జనానికి చూపిస్తారు" అన్నారు.

"నాకు రాసుకోవడమే ఇష్టమండీ. ఏప్రిల్ తర్వాత ఆ పని ఉండదంటే ఏడుపొస్తోంది."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "అయితే ఏడవడమెందుకూ, వెతుక్కో. కానీ ఈ వయసులో రాసే ఉద్యోగం ఎవడిస్తాడో నాకైతే తెలీదు."

ఆ రెండో మాటే నన్ను రాత్రంతా తిప్పలుపెట్టింది. మా లైనులో ముప్ఫై అయిదు దాటినా ఇంకా కోడ్ రాస్తున్నారంటే, పాపం ఆవిడకి ఏదో తక్కువైంది అన్నట్టు చూసేవాళ్ళు.

అప్పుడు కనిపించింది ఆ ప్రకటన. ఫిన్‌టెక్ అన్న మాట అప్పటికి మా చెవిన పడలేదు. ఇంటర్నెట్‌లో కరెంటు బిల్లూ ఫోను బిల్లూ కట్టించే కంపెనీ అనేవాళ్ళం. సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కావాలి, స్వయంగా ప్రోగ్రాములు రాయాలి అని ఉంది. ఆ రెండో వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని దరఖాస్తు పెట్టాను.

మొదటి పిలుపు రాగానే అత్తగారిని రైలెక్కించాను. ఆఫీసుకి వెళ్ళి, రెండు గంటలు పనిచేసి, మామూలు సల్వార్ కమీజులోనే బయల్దేరాను. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇస్త్రీ మడత నలగని బట్టల్లో కనిపిస్తే "ఇంటర్వ్యూ ఎక్కడ?" అని మొహాన్నే అడిగేస్తారు. ఆ కంపెనీ నోయిడాలోనే, కాస్త అవతలి సెక్టారులో. దుపట్టా చెవుల మీదుగా చుట్టుకుని రిక్షా ఎక్కాను. చలికి కొంత, మా ఆఫీసు క్యాబులవాళ్ళ కంట పడకుండా కొంత.

నన్ను ప్రశ్నలడిగింది ఇద్దరు కుర్రాళ్ళు. మా తమ్ముడి కన్నా చిన్నవాళ్ళు. కూర్చోగానే ఒకతను, "ప్రస్తుతం మీ కింద ఎంతమంది ఉన్నారు మేడమ్?" అన్నాడు.

"ఎవరూ లేరు. ఉండకూడదనే ఇక్కడికి వచ్చాను" అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత బోర్డు దగ్గరికి పిలిచి ఒక ప్రోగ్రాము రాయమన్నారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని రాసేదానికీ, ఇద్దరు మన వీపుకేసి చూస్తుండగా నిలబడి రాసేదానికీ చాలా తేడా ఉంది. మార్కర్ పట్టుకున్నాను. మొదటి ముక్కే తప్పు రాశాను. డస్టర్ కనిపించక దుపట్టా కొంగుతో చెరిపేశాను. అది చూసి కుర్రాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వుతో బెరుకు పోయింది. తర్వాత పని దానంతటదే సాగింది.

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టానో లేదో మా మేనేజర్ గదిలోంచి కేకేశాడు. ఆయన మాట్లాడేదంతా హిందీలోనే, నేనిక్కడ తెలుగులో చెబుతున్నాను.

"అచ్ఛా, అత్తగారు దిగారా? మాకేం తెచ్చారు?"

ఈ సంగతి నేను బొత్తిగా ఆలోచించలేదు. దక్షిణాదినుంచి ఎవరికి చుట్టాలొచ్చినా మర్నాడు ఆఫీసులో డబ్బా తెరుచుకోవాల్సిందే. అది మా దగ్గర రాయని నియమం. గది బయట నలుగురైదుగురు అప్పుడే తలలు ఎత్తి చూస్తున్నారు.

"తెచ్చారు సర్. హడావిడిలో మర్చిపోయాను. రేపు తెస్తాను" అన్నాను.

సాయంత్రం ఇంటికెళ్ళి ఈ గోల చెబితే మావారు పడీపడీ నవ్వారు. నవ్వడం అయ్యాక లేచి చేతులు కడుక్కున్నారు. "మినప్పప్పు ఉందిగా. మా అమ్మ వచ్చిందన్నాక మా అమ్మ చేసే సున్నుండలే ఉండాలి" అన్నారు. వంటలో నాకన్నా ఆయన చేతికే ఓపికెక్కువ. పప్పు సన్నసెగన దోరగా వేయించి, మిక్సీ పట్టి, బెల్లం కలిపి, నెయ్యి కాచి పోశారు. వాళ్ళమ్మగారి పద్ధతి ఇంకొకటుంది. చలికాలంలో శొంఠిపొడి తగిలిస్తుంది, దగ్గు రాదని. అదీ వేశారు. ఆ వాసనకి మా అమ్మాయి పుస్తకం వదిలి వచ్చింది. ఏడో తరగతి. మేం తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబు.

"దాదీ ఆయీ క్యా?" అంటూ నానమ్మ కోసం రెండు గదులూ వెతికి, ఎవరూ కనబడక, వాళ్ళ నాన్న చేతిలోని ఉండని పట్టుకుపోయింది.

మర్నాడు మా మేనేజర్ ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళింట్లోనూ చలికాలం మినప్పప్పుతో పిన్నీ అని ఇలాంటి ఉండలే కడతారట. "శొంఠి వేశారు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "మీ అత్తగారి చేతికి నా నమస్తే చెప్పండి." సరేనన్నాను. ఆ ఆదివారం ఫోనులో నిజంగానే చెప్పాను. ఆవిడ ఎంతో సంతోషించి, ఇంతకీ ఎవరాయన అని అడిగింది.

రెండో పిలుపు జనవరిలో, పొగమంచు ముదిరిన రోజుల్లో వచ్చింది. ఈసారి రాజమండ్రినుంచి మా మేనమామని దింపాలనుకున్నాను. పొద్దున్నే సెలవడిగితే మా మేనేజర్ "ఒక్క నిమిషం" అని కంప్యూటర్లో ఏదో కొట్టి చూశాడు. రైళ్ళ రాకపోకలు అందులో చూడొచ్చని నాకు తెలియకపోలేదు. ఆయన చూస్తాడని తెలియదు.

"మేడమ్, మీ మావయ్యగారి బండి ఇంకా ఝాన్సీ దాటలేదు. సాయంత్రానికి గానీ రాదు. ఇప్పట్నుంచీ ఆ చలిలో ప్లాట్‌ఫారం మీద ఏం చేస్తారు?"

అవతల పదకొండింటికి ఇంటర్వ్యూ. నా నోటికి ఏదొస్తే అది అనేశాను. "మధ్యలో స్పీడందుకుని ముందే వచ్చేస్తే సర్? ఆయనకి హిందీ రాదు."

పొగమంచులో ఇరుక్కున్న రైలు ముందే వచ్చేయడం! అన్నాక నాకే సిగ్గేసింది. ఆయన ఒక్క క్షణం నాకేసి చూశాడు. "ఠీక్ హై, వెళ్ళండి. శాలువా కప్పుకెళ్ళండి" అన్నాడు. బతుకుజీవుడా అనుకుంటూ మెట్లు దిగాను.

ఆ రోజు నన్నొక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. వాళ్ళ ప్రోగ్రాములోంచి ఒక ముక్క తీసి, అందులో కావాలని ఒక తప్పు దాచి, వెతికి పట్టమన్నారు. ముందు భయపడ్డాను. కాసేపటికి భయం సంగతే మర్చిపోయాను. ఎవరో టీ పెట్టి వెళ్ళారు, చల్లారిపోయింది. మేనేజర్‌ని చేస్తామన్నప్పటినుంచీ మీటింగుల్లో కూర్చుని మొద్దుబారిన బుర్ర మళ్ళీ కదలడం నాకు తెలుస్తూనే ఉంది. ఇది ఇంటర్వ్యూ అనీ, ఫలితం ఏదో తేలాలనీ కూడా అనిపించలేదు. అంత సుఖంగా ఉంది.

ఇచ్చిన సమయం అయిపోయింది. వాళ్ళు దాచిన తప్పు నాకు దొరకలేదు.

"ఇక్కడ ఒకటుంది, ఇదేనా?" అని వేరేచోట చూపించాను. బ్యాంకునుంచి జవాబు ఆలస్యంగా వస్తే, బిల్లు కట్టినా కట్టలేదని చూపించేలా ఉందది. కుర్రాడు వంగి చూశాడు. "ఇది మేం పెట్టింది కాదు" అన్నాడు. మళ్ళీ చూశాడు. లేచి ఇంకొకతన్ని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆఖరికి "థ్యాంక్యూ మేడమ్, చెబుతాం" అని పంపేశారు. అడిగిన తప్పు దొరకలేదు కాబట్టి ఇక రాదని రిక్షాలోనే తేల్చేసుకున్నాను. దిగులేసింది. అయినా ఇంటికొచ్చి సున్నుండలకి పప్పు వేయించాల్సిందేగా, మావయ్య వచ్చాడు మరి.

ఉద్యోగం పోతే పోయింది, ఒక పూటంతా నా పని నేను చేసుకున్నాను కదా అని మావారితో అన్నాను. ఆయన గరిట తిప్పుతూ, "పోయిందని వాళ్ళు చెప్పారా?" అన్నారు. చెప్పలేదన్నాను. "మరి నువ్వెందుకు చెబుతావు?" అన్నారు. ఫైళ్ళతో కాపురం చేసేవాళ్ళకి అంత నిదానం ఎక్కడినుంచి వస్తుందో.

ఆయనన్నట్టే మూడో పిలుపు వచ్చింది. వరంగల్‌నుంచి మా ఆడపడుచు బయల్దేరింది. ఈసారి మా మేనేజర్ రైలు సంగతేమీ చూడలేదు. "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడంతే.

చివరి ఇంటర్వ్యూ వాళ్ళ టెక్నికల్ హెడ్‌తో. నా వయసువాడే. మెడకి మఫ్లర్, చేతిలో టీ గ్లాసు. ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఒకావిడ కరెంటు బిల్లు కడుతోంది. బటన్ నొక్కింది, ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అప్పుడూ కదల్లేదు. విసుగొచ్చి ఇంకోసారి నొక్కింది. బ్యాంకులో డబ్బు ఒక్కసారే పోవాలి. ఎలా?

నాకు బాగా తెలిసిన సంగతే. బటన్ చూపించినప్పుడే ఆ చెల్లింపుకి ఒక గుర్తు పెట్టాలన్నాను. ఎన్నిసార్లు వచ్చినా, ఏ దారిన వచ్చినా ముందు ఆ గుర్తు చూడాలి. అదే గుర్తయితే అది కొత్త రిక్వెస్టు కాదు, పాతదే మళ్ళీ వచ్చింది. మోసపోకూడదు. మొదటిదానికి ఏం చెప్పామో అదే చెప్పి పంపాలి.

"మొదటిదానికి బ్యాంకే ఇంకా జవాబు చెప్పకపోతే?"

"తెలియదని ఒప్పుకోవాలి సర్. ఆవిడని కాసేపు ఆగమనాలి. తెలియనిదాన్ని అయిందనీ చెప్పకూడదు, కాలేదనీ చెప్పకూడదు."

ఆయన తలాడించాడు. ఎంత ధీమాగా చెప్పానో తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత ఆయన గ్లాసు పక్కనపెట్టి, "మీ పక్కన పాతికేళ్ళవాళ్ళు కూర్చుంటారు. రేపు వాళ్ళలోనే ఒకరు మీకు లీడ్ కావచ్చు. మీ దగ్గర మేనేజర్‌ని చేస్తామంటున్నారు కదా, ఇదెందుకు?" అన్నాడు.

దీనికి నేను ఇంగ్లీషులో ఒక గంభీరమైన జవాబు తయారుచేసుకుని వెళ్ళాను. ఒక్క ముక్క గుర్తురాలేదు. "నేను రాసింది నడిచినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకే పనిలోనూ కలగలేదు సర్. దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు" అన్నాను. ఇంట్లో అనాల్సిన మాట బయట అనేసినట్టు చెవులు వేడెక్కాయి. ఆయన నాకూ ఒక గ్లాసు టీ తెప్పించాడు.

శనివారం పొద్దున మా ఫ్లాట్ల సొసైటీ గేటు దగ్గర బండి మీద బఠాణీలు ఏరుతుండగా ఫోనొచ్చింది. ఉద్యోగం ఇస్తున్నారు. మొదటి రోజునుంచే కోడ్ రాయాలట, ఫరవాలేదా అని అడిగింది ఆ కంపెనీనుంచి మాట్లాడిన అమ్మాయి. ఫరవాలేదన్నాను. కూరగాయల భయ్యా తూకం వేస్తూనే ఉన్నాడు, నేను తలూపుతూనే ఉన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో బఠాణీల కూరే. ఎవరూ సణగలేదు.

సోమవారం మా మేనేజర్ గదిలోకి వెళ్ళాను. ఆడపడుచు పేరు మీద వెళ్ళిన డబ్బా ఇంకా ఆయన బల్లమీదే ఉంది, ఖాళీగా.

"ఈసారి ఏ ఊరు?" అన్నాడు.

"ఎవరూ రావడంలేదు సర్. నేనే వెళ్ళిపోతున్నాను."

ఆయన కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "తెనాలి, రాజమండ్రి, వరంగల్. మూడు ఊళ్ళనుంచి ముగ్గురు చుట్టాలు. శొంఠి మాత్రం ఒక్కటే, పాళ్ళు కూడా అవే. అరే మేడమ్, నేనూ ఒకప్పుడు ప్రోగ్రామర్నే. ఒకే రిక్వెస్టు మూడుసార్లు వస్తే పట్టుకోలేననుకున్నారా?"

నేల చీలితే బాగుండుననిపించింది. "మరి ఎందుకు పంపారు సర్?"

"ఎక్కడికి వెళ్తున్నారు? మేనేజర్‌గానా?"

"కాదు సర్. రాయడానికే."

ఆయన అద్దంలోంచి బయట పనిచేసుకుంటున్నవాళ్ళకేసి చూశాడు. "నాకూ ఇలాగే చెప్పారు ఒకప్పుడు, రేపట్నుంచి మేనేజర్‌వి అని. వీధంతా మిఠాయి పంచాను. నెల తిరక్కుండా తెలిసొచ్చింది. ఎక్కడికైనా వెళ్ళి మళ్ళీ రాసుకుందామనుకున్నాను. కానీ నేను ఢిల్లీవాణ్ణి కదా! మా అమ్మ, అత్తగారు, బావమరుదులు అందరూ ఇక్కడే, రాజౌరీ గార్డెన్‌లో. ఎవరిని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళను?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నాకన్నా ముందు ఆయన ఆపేశాడు. ఆ పూట ఆ గదిలో నాకు ఆ మనిషిమీద కలిగినంత ప్రేమ, అన్నేళ్ళలో ఎన్నడూ కలగలేదు.

వెళ్ళిపోయే ముందు నా పనులన్నీ ఒక్కొక్కటే మిగతావాళ్ళకి అప్పగించాను. ఒకటి మిగిలింది. బ్యాంకువాళ్ళు ఏదో మార్చడంతో, అడుగునున్న ఆ పాత ప్రోగ్రాములో చిన్న సవరణ చెయ్యాల్సివచ్చింది. కుర్రాళ్ళు ఎవరైనా చేసేవాళ్ళే. నేను వాళ్ళకివ్వలేదు. చివరి రోజు ఆయన్ని నా కుర్చీ దగ్గరికి పిలిచి, "సర్, ఇది మీరు రాసింది. దీన్ని మీరే ముట్టుకోవాలి" అన్నాను.

"అరే, నాకిప్పుడేం గుర్తుంది" అంటూనే కూర్చున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. చాలాసేపు ఉత్తినే చదివాడు. తర్వాత మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. గదిలో ఆయన ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. మీటింగుకి టైమైందని ఎవరో వచ్చి చెప్పారు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు, తల తిప్పలేదు.

మావారు పొద్దున్నే చేసిచ్చిన డబ్బా ఆయన మోచేతి పక్కన పెట్టి, నేను సంచీ తీసుకుని వచ్చేశాను.